డీఓ డాక్టర్ల గురించి రాసేటప్పుడు రెండు ప్రశ్నల్ని కలిపేయకండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని డీఓ (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) డాక్టర్ల గురించి ఈమధ్య పత్రికల ఆరోగ్యం పేజీల్లో వస్తున్నవి చూసి ఊరుకోలేక రాస్తున్నాను. ఒకచోట వాళ్లని ఏదో ప్రత్యామ్నాయ వైద్యం చేసేవాళ్ల కింద జమకట్టేస్తారు, ఇంకోచోట మందూ మాకూ లేకుండా ఒట్టి చేతుల్తో నడుం నొప్పి దగ్గర్నుంచి న్యుమోనియా దాకా తగ్గించేస్తారని రాసేస్తారు. వాళ్లు ఎండీలతో (అమెరికాలో ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి మామూలు డాక్టరు పట్టా) సమానమైన డాక్టర్లా కాదా అన్నది ఒక ప్రశ్న. కాలేజీలో వాళ్లు అదనంగా నేర్చుకునే ఓఎంటీ అనే చేతి చికిత్స ఎంతవరకు పనిచేస్తుందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి గట్టి జవాబే ఉంది, రెండోదానికి సగమే దొరికింది.

ముందు మొదటిది. 2023లో యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మెడికేర్ (అమెరికా ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే ఆరోగ్య బీమా) కింద ఉన్న 65 ఏళ్లు పైబడినవాళ్లు, 2016 నుంచి 2019 దాకా, మొత్తం 3,29,510 అడ్మిషన్లు. అవన్నీ అత్యవసరంగా ఆస్పత్రిలో చేరిన కేసులు, అంటే ఆ పూట డ్యూటీలో ఎవరుంటే వాళ్లే చూస్తారు, ఫలానా డాక్టరే కావాలని ఏరుకునే వీలు పెద్దగా ఉండదు, ఈ పోలికను నమ్మొచ్చు అనడానికి అదే కారణం. 30 రోజుల్లో చనిపోయినవాళ్లు ఎండీలు చూసినవాళ్లలో 9.4 శాతం, డీఓలు చూసినవాళ్లలో 9.5 శాతం. మళ్లీ చేరాల్సి వచ్చినవాళ్లు 15.7 శాతం, 15.6 శాతం. ఆస్పత్రిలో ఉన్నది రెండు వైపులా సగటున నాలుగున్నర రోజులు. ఇంతకన్నా ఏం చూపించాలి? ఈ వార్తకు మన పేజీల్లో నాలుగు లైన్ల చోటు కూడా దొరికినట్టు నాకు కనబడలేదు.

కాలిఫోర్నియాలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. 1962లో అక్కడి డీఓలకు ఒక చిన్న సెమినార్‌కి వచ్చి 65 డాలర్లు కడితే ఎండీ పట్టా ఇస్తామన్నారు, దాదాపు రెండు వేల మంది తీసుకున్నారు, కొత్త డీఓలకు మాత్రం లైసెన్సులు ఆపేశారు. అవే చేతులు, అదే చదువు, పేరు వెనక అక్షరాలు మారాయంతే. 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకగానీ ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఇవాళ 50 రాష్ట్రాల్లోనూ డీఓలు మందులు రాస్తారు, సర్జరీలు చేస్తారు. మెడికల్ విద్యార్థుల్లో నలుగురిలో ఒకరికి పైగా డీఓ కాలేజీల్లోనే ఉన్నారు. 2024 రెసిడెన్సీ మ్యాచ్‌లో, అంటే చదువయ్యాక ఆస్పత్రుల్లో చేసే శిక్షణకు సీట్లు కేటాయించేటప్పుడు, ఎండీ విద్యార్థుల్లో 93.5 శాతం మందికి సీట్లు వస్తే డీఓ విద్యార్థుల్లో 92.3 శాతం మందికి వచ్చాయి.

అయినా ఇక్కడ అమెరికాలో తెలుగువాళ్ల ఫంక్షన్లకి వెళ్తే "అయ్యో, మీ అమ్మాయికి ఎండీ సీటు రాలేదా?" అని పరామర్శిస్తారు. పెళ్లి సంబంధాల మాటల్లో కూడా ఇదే. మా అమ్మాయి డీఓల లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్ రాసి, అది చాలదన్నట్టు మళ్లీ ఎండీల లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈకి కూడా చదువుతోంది, ఎందుకంటే 2020 నాటికే రెసిడెన్సీలన్నీ ఒకే గుర్తింపు వ్యవస్థ కిందికి వచ్చినా కొన్ని ప్రోగ్రాములు ఇంకా యూఎస్ఎంఎల్ఈ స్కోరే అడుగుతున్నాయి. రెండు పరీక్షలు, రెండు ఫీజులు, రెట్టింపు టెన్షన్. రాయాలంటే దీని గురించి రాయండి, ఇది నిజమైన సమస్య.

ఇక ఓఎంటీ. మా అమ్మాయి ప్రాక్టీస్ కోసం నా మెడ మీద చేస్తుంటుంది కాబట్టి దగ్గర్నుంచి చూశాను. తలని ఒక పక్కకి తిప్పి పట్టుకుంటుంది, తన చేతికి ఎదురుగా మెల్లగా నెట్టమంటుంది, కొన్ని సెకన్లయ్యాక వదిలేయమంటుంది, కండరం సడలగానే ఇంకాస్త తిప్పుతుంది, అలా మూడు నాలుగుసార్లు. హాయిగానే ఉంటుంది. కానీ హాయిగా ఉండటం, జబ్బు తగ్గడం ఒకటి కాదు కదా, అది తేల్చేది పరిశోధనే.

1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం నడుం నొప్పికి ఓఎంటీ చేయించుకున్నవాళ్లకీ మామూలు చికిత్స తీసుకున్నవాళ్లకీ ఫలితం దాదాపు ఒకటే, కాకపోతే ఓఎంటీ వాళ్లు మందులు తక్కువ వాడారు. 2013లో టెక్సస్‌లో 455 మంది మీద చేసిన ట్రయల్‌లో ఫలితం బాగానే వచ్చింది. 2021లో ఫ్రాన్స్‌లో 400 మందిలో సగంమందికి అసలు చికిత్స, సగంమందికి ఊరికే చెయ్యి ఆనించే ఉత్తుత్తి చికిత్స ఇచ్చి చూస్తే, తేడా ఉంది గానీ రోగికి ఒరిగేంత లేదన్నారు. ఇక్కడొకటి గమనించాలి, ఫ్రాన్స్‌లో, బ్రిటన్‌లో ఇలాంటి చేతి చికిత్స చేసే ఆస్టియోపాత్ అంటే అమెరికా డీఓలాగా మెడికల్ డాక్టరు కాదు. ఆ ట్రయల్‌ని చూపించి అమెరికా డీఓలు పనికిరారని రాస్తే అది అన్యాయం.

న్యుమోనియా సంగతీ చెప్పాలి. 2010లో ప్రచురించిన ట్రయల్‌లో 406 మంది వృద్ధులున్నారు. మొదట చేర్చుకున్న అందర్నీ లెక్కలోకి తీసుకుంటే ఓఎంటీ వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. అనుకున్న చికిత్స పూర్తిగా అందినవాళ్లని మాత్రమే లెక్కేస్తేనే ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గినట్టు కనిపించింది. మధ్యలో మానేసినవాళ్లని తీసేసి లెక్క కడితే ఏ చికిత్సయినా కాస్త మెరుగ్గానే కనిపించే అవకాశం ఉంది. మొదటి లెక్క వదిలేసి రెండోది మాత్రమే హెడ్డింగ్‌లో పెడితే ఊపిరాడని పెద్దాయన్ని ఇంట్లోవాళ్లు ఎక్కడికి తీసుకెళ్తారో ఆలోచించండి.

డీఓ కాలేజీల వాళ్లకీ ఒక మాట. పుర్రె ఎముకల్లో సూక్ష్మమైన కదలికలు చేతికి తెలుస్తాయనే పాఠం ఇంకా చెబుతున్నారు, ఇద్దరు డాక్టర్లు ఒకే తల పట్టుకుని ఒకే మాట చెప్పగలరని పరీక్షల్లో తేలలేదు. పిల్లల ఫీజులతో కొత్త కాలేజీలు కడుతున్న వేగంలో కొంతైనా పరిశోధన మీద పెడితే ఇలాంటివి ఈపాటికి ఉంచాలో తీసేయాలో తేలిపోయేవి.

ఈసారి ఓఎంటీ మీద వార్త వేసేటప్పుడు ఎంతమంది మీద చేశారు, ఉత్తుత్తి చికిత్సతో పోల్చారా లేదా, చేసింది అమెరికా డీఓలా లేక వేరే దేశపు ఆస్టియోపాత్‌లా, ఈ మూడూ వార్తలోనే రాయించండి.

ఇట్లు,
ఒక డీఓ విద్యార్థిని తల్లి