కిడ్నీ తీసేసే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించిన అందరికీ కృతజ్ఞతలు

మా బావగారి కిడ్నీలో కనిపించిన గడ్డ క్యాన్సర్ కాదని తేలింది. అది జీపీఏ, అంటే గ్రాన్యులోమటోసిస్ విత్ పాలీయాంజియైటిస్. పాతవాళ్లు వెగనర్స్ అనేవారు. ఒంట్లోని రోగనిరోధక శక్తే సన్న రక్తనాళాల మీద దాడి చేసే జబ్బు ఇది. కిడ్నీలో గడ్డలా బయటపడడం చాలా అరుదు. సీటీలో చూస్తే అచ్చం క్యాన్సరే.

నెఫ్రాలజీ (కిడ్నీ జబ్బుల) డాక్టరుగారికి మొదటి నమస్కారం. స్కాన్ పక్కన పెట్టి ముక్కులో రక్తంతో పెచ్చులు కడుతున్నాయా, సైనస్ తగ్గట్లేదా, వినికిడి మందగించిందా, కళ్లు ఎర్రబడుతున్నాయా అని ఓపిగ్గా అడిగారు. అప్పటికప్పుడు పట్టిన మూత్రాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టించారు. క్యాన్సర్ గడ్డ నుంచి కూడా మూత్రంలో రక్తం పడుతుంది. కానీ ఎర్రకణాలు గొట్టాల్లా అతుక్కుని కనిపిస్తే (కాస్ట్‌లు) ఆ రక్తం కిడ్నీ వడపోత దగ్గరే కారుతున్నట్టు. శాంపిల్ గంటల తరబడి నిలవుంటే అవి చితికిపోతాయి. వెంటనే చూసిన ల్యాబ్ తమ్ముడికి ఎంత చెప్పినా తక్కువే.

పీఆర్3 ఆన్కా (ఈ జబ్బులో రక్తంలో కనిపించే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్ వచ్చినా అక్కడితో ఆగలేదు. టీబీలో కూడా ఆన్కా పాజిటివ్ రావచ్చు, టీబీ ఉన్నవాళ్లకి ఈ జబ్బుకి వాడే స్టెరాయిడ్ మొదలుపెడితే ప్రమాదం. అందుకే బయాప్సీ. రేడియాలజీ సార్ తీసిన ముక్కల్ని అన్నిటినీ ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) వెయ్యలేదు. ఒకటి సెలైన్‌లో కల్చర్‌కి (క్రిముల్ని పెంచి చూసే పరీక్ష), టీబీ జీన్‌ఎక్స్‌పర్ట్‌కి (టీబీ క్రిమి జన్యువుని వెతికే పరీక్ష) విడిగా పంపారు. ఫార్మలిన్‌లో పడితే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ కుదరదు.

రోగనిరోధక శక్తి దాడిని తగ్గించే రిటుక్సిమాబ్ మందుకి ముందు హెపటైటిస్ బి పరీక్ష గుర్తుచేసిన ఫార్మసీ అక్కకీ, డ్రిప్ ఎక్కించిన సిస్టర్‌కీ ప్రత్యేకంగా థాంక్స్. ముందుగా పారాసిటమాల్, అలర్జీ మందు ఇచ్చి, గంటకి 50 మి.గ్రా. చొప్పున మొదలుపెట్టారు. చలి పుట్టగానే ఆపి, తగ్గాక సగం వేగంతో మళ్లీ ఎక్కించారు.

దయచేసి ఇది చదివి ఎవరూ ఆపరేషన్ వాయిదా వేసుకోకండి. కిడ్నీలో గట్టి గడ్డ అంటే ఎక్కువసార్లు క్యాన్సరే. ముక్కు, చెవి, ఊపిరితిత్తుల ఇబ్బంది కూడా ఉంటే, లేదా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) గబగబా పెరుగుతుంటే మాత్రం "మూత్రం మైక్రోస్కోపీ, ఆన్కా చేయిద్దామా?" అని మీ డాక్టరుగారిని అడగండి. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మానెయ్యకండి. న్యుమోనియా రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ కూడా అంతే. సల్ఫా పడనివాళ్లయితే ముందే చెప్పండి, వేరే మందు ఉంది.