సత్తిగాడికి, ఫలోదీ నుంచి

ఫలోదీ, రాజస్థాన్
జనవరి 23, పొద్దున

అరేయ్ సత్తీ,

ముందు తిట్టు. తిట్టావా? సరే. నువ్వు దసరాకు రాసిన ఉత్తరానికి సంక్రాంతి దాటాక జవాబు రాస్తున్నా, తప్పే. షాపులో కాలిపోయిన మోటార్లు గుట్టపడి ఉన్నాయి, వైండింగ్ కుర్రాడు పెళ్ళి చేసుకుని నెల రోజులు కనబడలేదు, ఇట్లాంటివే. వాట్సాప్‌లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్తే నువ్వేం చేస్తావో నాకు తెలియదా? సగం వినకుండానే బొటనవేలు బొమ్మ పెట్టి డ్యూటీకి పోతావు. ఇది బొటనవేలుతో పోయే సంగతి కాదు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే. మీ చెల్లె బాగుంది, నాతో తప్ప అందరితో మాట్లాడుతోంది. బత్తాయికి ఈసారి రేటు లేదు. మీ గేటుకు రంగు వేయించాను, డబ్బుల సంగతి నువ్వు వచ్చాక. చిన్నది పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఉంది. అంతే.

బయల్దేరా రా! ఒక్కణ్ణే. నిజంగా. హాస్టల్ గోడ మీద ఇండియా పటం గుర్తుందా, పడమటి పక్క చుక్కలు చుక్కలుగా ఉండేది, నువ్వు "దోమలు గుడ్లు పెట్టినయ్ రా" అన్నావు, సారు చెవి మెలిపెట్టాడు? ఆ దోమగుడ్ల దేశంలో ఉన్నా ఇప్పుడు. ఇద్దరం కలిసి పోదామనుకున్నాం, ఒప్పుకుంటా. నీ లీవు రెండుసార్లు క్యాన్సిల్ అయింది. మూడోసారి కూడా చూద్దామనుకున్నా కానీ నలభై నిండింది, పొద్దున లేస్తే మోకాలు టక్‌మంటోంది, అది వినబడ్డప్పుడల్లా మా అవ్వ... సరే, దాని దగ్గరికే వస్తున్నా. నువ్వేమో ఎడారిలో జీతానికి ఉన్నావు, నేను జీతం పోగొట్టుకుని ఎడారికి వచ్చా. నవ్వుకో.

బండి నీకు తెలిసిన స్ప్లెండరే, ఏపీ 24. షోలాపూర్, ధూలే, ఇండోర్, చిత్తోడ్, అజ్మీర్. దారి గురించి చెప్పను, దారంటే దారే, లారీలు, నడుం నొప్పి. మీ చెల్లె కట్టిచ్చిన సకినాలు షోలాపూర్ దాటేసరికి సగం పొడైపోయాయి, చెంచాతో తింటున్నా. ఎడారంటే ఎండ అనుకున్నా చూడు, అంత తెలివి తక్కువ ఇంకోటి లేదు. 2016 మే నెలలో ఇదే ఫలోదీలో 51 డిగ్రీలు కాసింది, దేశంలోనే రికార్డు. అట్లాంటి ఊళ్ళో నేను రెండు రజాయిలు కప్పుకుని గజగజ వణుకుతూ రాస్తున్నా. అక్షరాలు వంకరగా ఉంటే చలి అనుకో.

ఇప్పుడు విను. మొన్న జరిగింది.

మేడ్తా దాటి నాగౌర్ వైపు పోతుంటే దగ్గరి దారి అని ఎవరో చెప్పారని ఊళ్ళ రోడ్డు పట్టా. మూడో ఊరు దాటగానే వెనక టైరు ఉస్సుమంది. ముల్లు పీకి చూస్తే ఏంటో తెలుసా, సర్కారు తుమ్మ! పదిహేను వందల కిలోమీటర్లు వచ్చి మన చెరువుకట్ట మీది ముల్లే గుచ్చుకుంది. బండి తోసుకుంటూ పోయా. ఇసుక దిబ్బలు లేవు, ఏం లేవు, ఎండిన చేలు, మేకలు, అక్కడక్కడా చెట్లు. ఒక చెట్టు కింద చాయ్ కొట్టు, రేకు కప్పు, బయట నులక మంచం, దాని మీద దుప్పటి కప్పుకుని ఎవరో పడుకున్నారు.

చాయ్ పోసేవాడు మన వయసువాడే. నేను నా హైదరాబాద్ హిందీలో "పంచర్ హోగయా భాయ్, ఎక్ చాయ్ పిలాదేవ్, షక్కర్ జాదా నక్కో" అన్నా. ఆ "నక్కో" వినగానే వాడికి నవ్వొచ్చింది. నవ్వొచ్చిందా, టక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

సత్తీ, ఆ చెయ్యి! నాలుగు వేళ్ళు కలిపి పైపెదవి మీద, బొటనవేలు దవడ కింద. అది మన చెయ్యి రా. పదో తరగతి గ్రూప్ ఫొటోలో ఫొటోగ్రాఫర్ నవ్వండి అనగానే నలభై మందిమీ పెదాలు బిగించి పోలీసు ట్రైనింగ్‌లో ఉన్నట్టు నిలబడ్డాం చూడు. నీ పెళ్ళి ఆల్బమ్‌లో నువ్వు ఒక్కచోట కూడా నవ్వలేదని మీ అత్తగారు "పిల్లోడికి పిల్ల నచ్చలేదేమో" అని ఏడ్చింది చూడు. ఆ చెయ్యి!

నాకూ నవ్వొచ్చింది. నా చెయ్యీ పోయింది నోటికి. ఇద్దరం ఒకణ్ణొకడు చూసుకున్నాం. వాడే ముందు చెయ్యి తీసి పళ్ళు చూపించాడు. సుద్దముక్కలాంటి తెల్ల మచ్చలు, మధ్యలో అడ్డంగా గోధుమరంగు గీతలు, అచ్చం మన ఫ్లోరైడ్ నీళ్ళ గార. నేనూ చూపించా. ఆ టైములో ఎవడైనా రోడ్డు మీద పోయి ఉంటే, ఇద్దరు మగాళ్ళు నిలబడి ఒకరికొకరు పళ్ళు ఇకిలిస్తున్నారని భయపడి పారిపోయేవాడు.

ఎక్కడినుంచి అన్నాడు. హైదరాబాద్ దగ్గర అన్నా. మనం ఎప్పుడూ అట్లనే కదా చెప్తాం. కానీ ఆ పళ్ళు చూపించాక ఇంకేం దాస్తాం, "నల్లగొండ" అన్నా.

మంచం మీది దుప్పటి కదిలింది. "నల్గొండా?" అని లోపలినుంచి గొంతు.

ముసలాయన లేచాడు. లేవడం అంటే, ముందు పక్కకు ఒరిగి, మోచేయి ఆనించి, రెండు కాళ్ళూ ఒకేసారి కిందికి దించి, అప్పుడు కర్ర. చూడకుండానే చెప్పగలను, మా అవ్వ లేచినట్టే. వెన్ను విల్లులా వంగిపోయింది, మెడ తిరగదు. దగ్గరకొచ్చి నా మొహం చూడలేదు, బూట్లు చూశాడు. మా అవ్వ మనుషుల్ని చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేది కదా, నువ్వు ఒకసారి నా చెప్పులేసుకుని వచ్చి ఆమెను ఏడిపించావు కదా, ఆమె నీకు నా పేరు పెట్టి సద్దన్నం పెట్టింది, నువ్వు తినేశావు కూడా. ఆయన నా బూట్లతోనే మాట్లాడాడు. "నువ్వు నల్గొండా సాబ్ తాలూకా?"

నాకు అర్థం కాలేదు. చాయ్ అతను నవ్వాపుకుంటూ చెప్పాడు. వాళ్ళ నాన్న వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి నీళ్ళల్లో ఫ్లోరైడ్ తీసే బకెట్లు పంచే పనిలో కూలికి ఉండేవాడట. బకెట్లో బోరు నీళ్ళు పోసి, సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి, పది నిమిషాలు తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్ళు పట్టుకోవాలి. దాని పేరేమని చెప్పేవారో తెలుసుగా? నల్గొండ టెక్నిక్! మన పటిక బకెట్! నాగ్‌పూర్ నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసి మన ఊరి పేరు పెట్టారే, అదే.

ఈయనకేమో నల్గొండ అంటే ఊరని ఎవరూ చెప్పలేదు. ఎవరో పెద్ద సైంటిస్టు అనుకున్నాడు. ఇన్నేళ్ళూ! నల్గొండా సాబ్ అని ఒక దొర, కోటు, కళ్ళద్దాలు, మన జబ్బు చూసి జాలిపడి మందు కనిపెట్టాడు అని ఊళ్ళల్లో ఆడవాళ్ళకు కథలా చెప్పేవాడట. నేను చాయ్ కింద పెట్టేసి నవ్వా రా, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. ఆయనకు కోపం వచ్చింది. నమ్మలేదు. ఆధార్ కార్డు తీసి ఇచ్చా. పదేళ్ళ మనవడు కూడబలుక్కుని చదివాడు, "న-ల్-గొం-డా, తె-లం-గా-నా". వాడి పళ్ళు పాలలా ఉన్నాయి. మనం ఎవర్ని చూసినా ముందు పళ్ళే కదా చూస్తాం.

ముసలాయన కార్డు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు, "అయితే మీ దగ్గర నయమయ్యే ఉంటుంది అందరికీ. మందు మీ ఊరిదే కదా."

ఏం చెప్పను చెప్పు. మా ఇంట్లో ఆ బకెట్‌లో చివరికి కోళ్ళు నీళ్ళు తాగాయి. మీ ఇంట్లో మీ బాబాయి కల్లు దాచాడు. పటిక ఎంత వేయాలో నీళ్ళను బట్టి మారుతుంది, ఎక్కువైతే నోరంతా వగరు, అడుగున చేరిన మడ్డి రోజూ ఎత్తిపోయాలి, పొద్దున్నే కూలికి పోయే ఆడమనిషి ఇవన్నీ ఎప్పుడు చేస్తుంది? అదే చెప్పా. ఆయన తల ఊపాడు, తల ఊపడం అంటే నడుం పైభాగం మొత్తం ఊపడం. "ఇక్కడా అంతే. మా బకెట్‌లో మేకలకు దాణా" అన్నాడు. ముగ్గురం నవ్వాం. మూడు చేతులూ మళ్ళీ నోటికే పోయాయి, అలవాటు ఎక్కడికి పోతుంది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళను బాంకా పట్టీ అంటారట, వంకరోళ్ళ పట్టీ అని. మనల్ని పెళ్ళిళ్ళలో ఏమనేవాళ్ళో రాయను, నీకు తెలుసు. 1996 ఎన్నికల కథ కూడా చెప్పా. నీళ్ళ కోసం మన నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది పోటీలో నిలబడితే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయిందని. మీ బాబాయి 481వ క్యాండిడేట్ కావాల్సినవాడు, నామినేషన్ డిపాజిట్ డబ్బులు కల్లు దుకాణంలో కట్టొచ్చాడని కూడా చెప్పా. క్షమించు, ఆపుకోలేకపోయా. వాళ్ళకు అన్నిటికంటే అదే నచ్చింది.

రాత్రి అక్కడే ఉంచేసుకున్నారు. ట్యూబుకు ప్యాచ్ వేసే కుర్రాడు పక్క ఊరినుంచి రావాలి. సాయంత్రం ఇంటి వెనక్కి తీసుకెళ్ళి టాంకా చూపించారు. చూడాల్సింది రా అది. నేలలోపల గుండ్రంగా కట్టిన తొట్టి, పైన మూత, ఆ మూతకు తాళం! బీరువాకు వేసినట్టు. చుట్టూ నేలను వాలుగా చదునుచేసి గట్టిపరిచారు, దాన్ని ఆగోర్ అంటారు, వాన పడితే నీళ్ళన్నీ జారి తొట్టిలోకి పోతాయి. వానలకు ముందు ఊడ్చి పెడతారు. చెప్పులతో తొక్కనివ్వరు, మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప. నా బూట్లు విప్పించారు. ఒక చెంబు తోడి ఇచ్చారు. చల్లగా, కొంచెం మట్టి వాసన. వాన నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కడిది? అది రాళ్ళల్లోంచి వచ్చేది. లోతుకు పోయినకొద్దీ మనకు ఎక్కువైందే.

ముసలాయన చిన్నప్పుడు అందరూ టాంకా నీళ్ళే తాగేవారట. తర్వాత చేతిపంపులు, బోర్లు వచ్చాయి, సుఖంగా ఉంది, ఎండాకాలం కూడా నీళ్ళు. రుచి మారలేదు, వాసన లేదు, అద్దంలా తేటగా ఉన్నాయి. ఎవరికి అనుమానం వస్తుంది? ఇరవై ఏళ్ళు తాగాక నడుములు వంగాయి. ఇప్పుడు నహర్ నీళ్ళు వస్తున్నాయి, పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసే హరికే దగ్గర బయల్దేరిన కాలువ నుంచి. మనకు కృష్ణ నీళ్ళు వచ్చినట్టే. అయినా టాంకాకు తాళం తీయరు.

నాకు కోపం వచ్చింది సత్తీ. వాళ్ళ మీద కాదు. వాళ్ళకు పడే వాన మనదాంట్లో సగం. మా ఇంటి చూరు నీళ్ళు ఎన్ని వానాకాలాలు మోరీలోకి పోయాయి? నువ్వూ నేనూ అందులో కాగితం పడవలు వదిలాం. లోపల అవ్వ బోరు నీళ్ళు తాగుతూ... ఒక్క తొట్టి, ఒక్క రేకు గొట్టం. నేను ఇరవై ఏళ్ళుగా ఊరూరా మోటార్లు దించుతున్నా, ఆరువందలు, ఎనిమిదివందల అడుగులు, ఇంకా కిందికి పోదాం అని నేనే చెప్తున్నా రైతులకు. వదిలేయ్. ఎదురుగా కూర్చుని మాట్లాడాలి ఇది.

ఇంకోటి, ఆ చాయ్ కొట్టు చెట్టు ఏంటనుకున్నావు? ఖేజ్రీ అన్నారు. ఆకు చూస్తే జమ్మి! వాళ్ళ రాష్ట్రానిదీ మన రాష్ట్రానిదీ ఒకటే చెట్టు. మనం దసరాకు ఆకు పంచుకుని బంగారం అంటాం, వాళ్ళు దాని కాయలు ఎండబెట్టి సాంగ్రీ అని కూర వండుతారు. బాగుంది, కొంచెం నూనె ఎక్కువ. పొద్దున వచ్చేటప్పుడు రెండు ఆకులు తెంపి ముసలాయన చేతిలో పెట్టి బంగారం అన్నా. పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు, అంటే నా బూట్లను చూశాడు. తర్వాత ఆ ఆకులు తలపాగాలో దోపుకున్నాడు. బండి స్టార్ట్ చేశాక కర్ర ఎత్తి అరిచాడు, "నల్గొండా సాబ్‌కు నా రాం రాం చెప్పు!" ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో ఇప్పటికీ తేలలేదు.

ఇసుక దిబ్బ ఇంకా ఒక్కటి కూడా చూడలేదు, నవ్వకు. జైసల్మేర్ దాటాక సమ్ దగ్గర ఉన్నాయి, ఎల్లుండి. ఈరోజు పక్కన ఖీచన్‌లో వేలకొద్దీ కొంగలు దిగుతాయట, కుర్జా అంటారు, చూసి

లాడ్జి కుర్రాడు కవరు కోసం వచ్చి నిలబడ్డాడు, వాడు పోస్టాఫీసు వైపే పోతున్నాడట. మస్కట్‌కు ఎంత స్టాంపు అంటించాలో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. నువ్వు అడిగిన ప్లాటు సంగతి తర్వాతి ఉత్తరంలో. లీవు మళ్ళీ అడుగు రా, ఈసారి మీ బాస్‌కు

నీ
చెప్పుల దొంగ (అసలోడు నువ్వే)