ఆ సోఫా వద్దమ్మా

చి.ల.సౌ. స్వాతికి అమ్మ దీవించి రాయునది.

నీ స్నేహితురాలు కాలిఫోర్నియా నుంచి కంటైనర్‌లో తెచ్చుకున్న సోఫా మణికొండలో మీ ఇంటికి పంపిస్తానందని ఫోన్‌లో చెప్పావు. 2003లో కొన్నదట, చెక్కుచెదరలేదట. వద్దు తల్లీ. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, కారణం చెప్పకుండా వద్దంటే నాకే బాగుండదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ సోఫా కింద కుట్టిన పట్టీ చూడమను. టెక్నికల్ బులెటిన్ 117 అని ఉండే ఉంటుంది. 1975 నాటి కాలిఫోర్నియా నిబంధన అది. లోపలి ఫోమ్‌కి చిన్న మంట 12 సెకన్లు చూపించినా తట్టుకోవాలి. ఆ పరీక్ష గట్టెక్కడానికి ఫోమ్‌లో రసాయనాలు కలిపేవారు. అప్పట్లో బాగా వాడింది పెంటాబీడీఈ అనే బ్రోమిన్ పదార్థం. అమెరికాలో దాని తయారీ 2004 చివరికి ఆగింది. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం, అంటే ఏళ్ళ తరబడి విరగకుండా ఉండిపోయే విష రసాయనాల మీద దేశాలు చేసుకున్న ఒప్పందం, దాన్ని నిషేధ జాబితాలో చేర్చింది, మన దేశం 2018లో నిషేధించింది. కానీ అంతకుముందు అమ్ముడైన సోఫాలు ఇళ్ళలోనే ఉండిపోయాయి. పోనీ మంటల నుంచి కాపాడుతుంది కదా అంటావేమో. కాలిఫోర్నియావాళ్ళే 2013లో ఆ పరీక్షను మార్చేశారు. ఇప్పుడు ఏ రసాయనమూ కలపకుండానే సోఫా పాసవుతుంది.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ పదార్థం ఫోమ్‌తో రసాయన బంధం కట్టుకోదు, ఊరికే అందులో కలిసి ఉంటుంది. అందుకే ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా బయటికొచ్చి దుమ్ముకి అంటుకుంటుంది. ఆ దుమ్ము నేలమీదే చేరుతుంది. మరి మీ ఇంట్లో రోజంతా నేలమీద ఉండేదెవరు? బుజ్జిగాడు. పాకుతాడు, వేళ్ళు చీకుతాడు, కిందపడ్డ బిస్కెట్ ముక్క ఏరుకుని తింటాడు. పసివాళ్ళ రక్తంలో ఇది తల్లుల కన్నా ఎక్కువ కనబడడానికి కారణం ఇదే. వాళ్ళ చేతులు తుడిచిన గుడ్డ మీద ఎక్కువ ఉంటే రక్తంలోనూ ఎక్కువే ఉంటోందని పరీక్షల్లో తేలింది.

దీని అణువు ఆకారం థైరాయిడ్ హార్మోన్‌ను పోలి ఉంటుంది. పిల్లల మెదడు ఎదగాలంటే ఆ హార్మోన్ సరిగ్గా పనిచేయాలి. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో ఇది ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఐక్యూ కొంత తగ్గినట్టు అమెరికా అధ్యయనాలు చూపించాయి. ఇది తల్లిపాలలోకీ వస్తుంది. అది విని పాలు మాత్రం మాన్పించకు, ఆ మేలు ముందు ఇది చిన్నది. స్వీడన్‌లో 1972 నుంచి 1997 దాకా తల్లిపాలలో ఇది సుమారు అయిదేళ్ళకోసారి రెట్టింపవుతూ వచ్చి, వాడకం తగ్గాక తగ్గుముఖం పట్టింది. ఇంట్లోకి రానివ్వకపోతే ఒంట్లోనూ తగ్గుతుందన్నమాట.

గుడ్డ మార్పిస్తే చాలని ఎవరైనా అంటే వినకు, లోపల ఉండేది ఆ ఫోమే. తుక్కు ముక్కలు అతికించి చేసే రీబాండెడ్ ఫోమ్ కూడా వేయించకు. ఎక్కడెక్కడి ముక్కలు అందులో కలిశాయో ఎవరూ చెప్పలేరు. చిక్కడపల్లిలో మన టేకు దివాన్ ఖాళీగానే ఉంది. దూది ఏకించి కొత్త పరుపు కుట్టించి పంపిస్తాను.

ఇల్లు పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుంది. పనమ్మాయిని రోజూ తడిగుడ్డ పెట్టమను, ముఖ్యంగా టీవీ వెనకా మంచాల కిందా. తినిపించే ముందు వాడి చేతులూ నీ చేతులూ సబ్బుతో కడుగు. ఇంకేమీ కుదరకపోయినా ఈ ఒక్కటీ మానకు. అల్లుడి పాత మానిటర్ ప్లాస్టిక్‌లోనూ ఇలాంటివే ఉంటాయి. దాన్ని కబాడీకి వేయొద్దు. అక్కడ విప్పి కాలిస్తే ఆ పొగ పీల్చేది వాళ్ళ పిల్లలే. అనుమతి ఉన్న ఈ-వేస్ట్ కేంద్రానికే ఇప్పించు.

నీ స్నేహితురాలికి కూడా ఇదంతా చెప్పు. మనం వద్దంటే ఆ సోఫా పసిపిల్లలున్న ఇంకో ఇంటికి వెళ్ళకూడదు. చెప్పడానికి నీకు మొహమాటమైతే ఆ అమ్మాయి నంబరు పంపించు, నేను మాట్లాడతాను.

అమ్మ