జి.డి. నాయుడికి మన పాలిటెక్నిక్ గేటు తెరుచుకునేదా?

సాంకేతిక విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. విజయవాడ ఆటోనగర్‌లోని పనివారి గురించి ఒక విన్నపం చేయదలచి, ముందుగా కోయంబత్తూరు ఆవిష్కర్త జి.డి. నాయుడు గారిని ప్రస్తావిస్తున్నాను.

కోయంబత్తూరు సమీపంలోని కలంగల్‌లో 1893లో పుట్టిన ఆయనకు అబ్బిన బడి చదువు బహు స్వల్పం. ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలుపై మనసుపడి, హోటల్లో సర్వరుగా చేరి కూడబెట్టిన డబ్బుతో దానినే కొని, ఏ భాగానికాభాగం ఊడదీసి మళ్ళీ బిగించి, యంత్రం గుట్టు తెలుసుకున్నారు. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒకే బస్సుతో ఆరంభించిన రవాణా వ్యాపారం వందల బస్సులకు పెరిగింది. బాలసుందరం నాయుడు గారితో కలిసి 1937లో ఆయన తయారు చేసిన విద్యుత్ మోటారు దేశంలోనే మొదటిదిగా పేరు పొందింది. మోటార్లకూ పంపులకూ కోయంబత్తూరు నేడు పెట్టింది పేరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆయన యంత్రాలకంటే 1945లో కోయంబత్తూరులో ఆయన చొరవతో వెలసిన ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్. కోర్సులకు అన్నేళ్ళు అక్కరలేదని ఆయన పట్టుబట్టారు, ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. ఆ వాదాన్ని నేను పూర్తిగా సమర్థించను. కృష్ణమ్మపై వంతెన కట్టే ఇంజనీరు నాలుగేళ్ళు చదవడమే మనందరికీ క్షేమం. అయితే చేతిపనితో వచ్చిన విద్యకు కళాశాలలో చోటుండాలన్న ఆయన పట్టుదల మాత్రం న్యాయమైనది.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు, లేత్‌ పనివారు, దొరకని పార్టును పాతదాని కొలతలు చూసి కొత్తగా తీసే మేస్త్రీలు ఎందరో ఉన్నారు. పని వచ్చినవారికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే పథకాలు ఉన్నా, ఆ కాగితం అప్పటికే ఉన్న నైపుణ్యాన్ని గుర్తిస్తుందే తప్ప, మేస్త్రికి తట్టిన కొత్త ఉపాయాన్ని పరీక్షించుకునే పరికరాన్ని అందించదు. పేటెంటు సంగతీ అంతే. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవడానికి రుసుము 1,600 రూపాయలే అయినా, కనిపెట్టినదాన్ని చట్టానికి నిలిచే భాషలో రాయించుకోవడం వారి శక్తికి మించిన పని.

కాబట్టి నగరంలోని ప్రభుత్వ పాలిటెక్నిక్ వర్క్‌షాపును తరగతులు ముగిశాక, సాయంత్రం పూట, విద్యార్హత అడగకుండా ఆటోనగర్ పనివారికి తెరిపించవలసిందిగా కోరుతున్నాను. కొలత పరికరాలు వాడటం నేర్పేందుకు ఒక అధ్యాపకుడిని, పేటెంటు దరఖాస్తు రాసిపెట్టేందుకు వారానికొకసారి వచ్చే నిపుణుడిని నియమిస్తే చాలు. కొత్త భవనం అక్కరలేదు. యంత్రాలు పాడవుతాయని ప్రిన్సిపాళ్ళు సందేహించవచ్చు. పాడైన యంత్రాన్ని బాగుచేసేవారు అక్కడికి వచ్చేవారిలోనే ఉంటారని వారికి తమరు నచ్చజెప్పగలరు.

ఇట్లు,
విజయవాడ వాసి