ఖాళీ ఇంట్లో గొంతు వేరుగా వినిపిస్తుంది

సంపాదకులకు నమస్కారం.

పుట్టి పెరిగిన ఇంటిని వదల్లేని చిన్నపిల్ల కథతో కుటుంబ చిత్రం తీయాలనుకునే కొత్త దర్శకులకు, కెమెరా, శబ్ద విభాగాల్లో పనిచేసేవాళ్లుగా నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం.

ఈ కథకు సెట్ వేయకండి. ప్లైవుడ్ గోడల మధ్య పిల్ల పరిగెడితే నేల బోలుగా మోగుతుంది, తలుపు దఢాలున వేస్తే గోడ ఊగుతుంది. పాత పెంకుటిల్లో, మండువా ఇల్లో అద్దెకు తీసుకోండి. ఆరేళ్ల పిల్ల కంటి ఎత్తు సుమారు మూడున్నర అడుగులు, లెన్స్ కూడా అక్కడే ఉండాలి. అప్పుడే వంటగట్టు అంచు, గడప మీది పసుపు, తలుపు చట్రం మీద ఆమె ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు ఎదురుగా కనిపిస్తాయి. అయిదడుగుల మీద నుంచి తీస్తే అది అమ్మానాన్నల సినిమా అయిపోతుంది.

సాధారణంగా ఒక చోట జరిగే సీన్లన్నీ ముందూ వెనకా చూడకుండా ఒకేసారి తీసేస్తారు. ఇక్కడ చోటు ఒక్కటే గనక కథ వరుసలో తీసినా ఖర్చు పెద్దగా పెరగదు. ఇల్లు విడిచే సీను మొదటి వారంలోనే పెట్టుకుంటే, ఇంకా ఆ ఇంటికి అలవాటే పడని పిల్ల చేత గ్లిజరిన్‌తో ఏడిపించాల్సి వస్తుంది. చివర్న తీస్తే ఆ అవసరం రాదు.

సామాను తీసేశాక గది మారిపోతుంది. పరుపులు, బట్టలు, బీరువాలు పీల్చుకునే శబ్దమంతా గోడలకు తగిలి వెనక్కొస్తుంది. 'అమ్మా' అని పిల్ల పిలిస్తే ఆ పిలుపు మోగుతుంది. క్యాలెండర్ తీసిన చోట సున్నం ఇంకా తెల్లగానే ఉంటుంది, మేకు మాత్రం మిగులుతుంది. ఈ తేడా దక్కాలంటే సామాను ఉన్నప్పుడు ఒక నిమిషం, తీసేశాక ఒక నిమిషం గది నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవాలి. ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపండి. కారు తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు. జనరేటర్ వీధి చివర ఉండాలి.

పిల్ల సమయం అన్నిటికన్నా ముఖ్యం. 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనల ప్రకారం రోజుకు ఐదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పనిచేయించకూడదు. వరసగా 27 రోజులు దాటకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తప్పనిసరి. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్ల పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. మేకప్పునీ, ఎదురుచూపునీ ఆ ఐదు గంటల్లోనే లెక్కేసుకోమని మా సలహా. అప్పుడు షూటింగ్‌కు మిగిలేది మూడు గంటలే. మండువాలోకి ఎండ నిటారుగా దిగేది మధ్యాహ్నం కాసేపే. ఆ వెలుగులో తీయాల్సిన సీన్లను అన్ని రోజులూ అదే వేళకు పెట్టుకోకపోతే నీడలు అతకవు.

ఇంత చేసి, చివరికి పిల్ల గొంతు పెద్దవాళ్ల చేత డబ్బింగ్ చెప్పిస్తే ఆ మోగిన పిలుపు పోతుంది. స్టూడియో గదిలో చెప్పిన 'అమ్మా'కు ఎంత ప్రతిధ్వని కలిపినా ఆ ఇంటి గోడలు దొరకవు. బాలల చిత్రాల సమీక్షల్లో పిల్ల గొంతు ఆమెదేనా, షూటింగ్‌లోనే రికార్డు చేశారా అన్నది మీ పత్రిక ఒక వాక్యంలో రాయాలని కోరుతున్నాం.

— సినిమా సాంకేతిక నిపుణులు, హైదరాబాద్