బ్రీఫ్‌కేస్ బొమ్మ

తాడేపల్లిగూడెం,
ఆదివారం

తల్లీ,

ఈ ఉత్తరం ఆవకాయ డబ్బా పక్కన పెడుతున్నాను. నూనె అంటకుండా రెండు కవర్లలో చుట్టాను, అయినా మీ అమ్మ మూత బిగించిన తీరు చూస్తే నాకు నమ్మకం లేదు. పార్సిల్ రాగానే డబ్బా నిలువుగా పెట్టు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అని మెసేజ్ పెడతావు, ఆ మళ్లీ మాత్రం రావడం లేదు. వాట్సాప్‌లో పేజీడు రాస్తే ఒక బొటనవేలు బొమ్మ. కాగితం మీద బొటనవేలు పెట్టాలంటే ఇంకుప్యాడ్ వెతుక్కోవాలి కదా, అందుకని రాస్తున్నాను.

విశేషం ఏమీ లేదు. వరాలత్త వాళ్ల సుమ శుభలేఖ మొన్న శుక్రవారం కాక అంతకు ముందు శుక్రవారం నీకు మెయిల్ చేశాను. నీ పేరు మూడక్షరాలు కొట్టగానే ఆఫీసు అడ్రస్ వచ్చి కూర్చుంది, నేను చూసుకోలేదు. అది తిరిగొచ్చింది. ఏదో అక్షరం తప్పు పడి ఉంటుంది. అది అలా ఉంచు.

నీ ఫోన్ గురించి రాద్దామని కూర్చున్నాను. కాలేజీలో ఆ గూగుల్ వర్క్‌స్పేస్ అడ్మిన్ పని, అంటే అందరి కాలేజీ మెయిల్ ఖాతాలు తెరిచి మూసే పని, నా నెత్తిన పడ్డప్పటి నుంచి ఎవరి ఫోన్ చేతికొచ్చినా కళ్లు సెట్టింగ్స్ మీదికే పోతున్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు నీదీ చూశాను. తప్పే, కానీ ఛార్జింగ్ పెట్టమని ఇచ్చింది నువ్వే. కొన్ని యాప్‌ల మూల చిన్న బ్రీఫ్‌కేస్ బొమ్మ ఉంది. అవి ఆఫీసువి, దాన్ని వర్క్ ప్రొఫైల్ అంటారు. ఒకే ఇంట్లో గోడ కట్టి ఒక గది అద్దెకిచ్చినట్టు. ఆ గదిని వాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు, నీకు చెప్పకుండా కూడా ఖాళీ చేసేయగలరు. గోడ ఇవతల నీ ఫోటోలు, నీ వాట్సాప్ వాళ్లకు కనపడవు, వాటి మీద చెయ్యి వెయ్యలేరు. ఫోనే ఆఫీసు వాళ్లదైతే లెక్క వేరు, మొత్తం తుడిచేస్తారు. నీది నీ మొదటి జీతంతో కొన్నదే కాబట్టి ఆ భయం లేదు.

రాత్రి ఎనిమిది దాటాక ఆ బ్రీఫ్‌కేస్ యాప్‌లను పాజ్‌లో పెట్టమని అప్పుడే చెప్పాను. విన్నావా? అరిసె నోట్లో ఉండగా టింగుమంటే లేచి వెళ్లావు. ఇప్పుడు మోగుతున్నాయా లేదా అని నేను అడగడం లేదు.

గోపాలం గారి అల్లుడు అరుగు మీద కూర్చుని ఏవేవో అంటుంటాడు. హైటెక్ సిటీలో మీ బిల్డింగులో రెండంతస్తులు ఖాళీ అయ్యాయట. వాడి మాటలో ఎంత నిజముంటుందో చెరువు గట్టు స్థలం దగ్గరే చూశాం. మీ అమ్మకు మాత్రం ఈ మాట చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఫోటోల సంగతి మాత్రం ఇవాళే చూడు. ఫోటోస్ యాప్ తెరిచి పైన కుడి మూల గుండ్రంగా ఉన్న నీ బొమ్మ మీద నొక్కితే ఏ ఖాతాలోకి వెళ్తున్నాయో రాసి ఉంటుంది. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా బోటనీ మేడమ్ కథ నీకు చెప్పలేదు కదా. ఆవిడ కొత్త ఫోన్ కొన్న రోజున కాలేజీ మెయిల్ ఒక్కటే గుర్తుండి దాంతోనే మొదలుపెట్టింది. అంతే, నాలుగేళ్ల ఫోటోలు కాలేజీ ఖాతాలోకి వెళ్లాయి. పిల్లాడి బారసాల, అన్నప్రాసన, వాళ్ల మావగారు పోక ముందు మనవణ్ణి ఎత్తుకున్నవి, అన్నీ. ఫోన్లో జాగా లేదని అది అడిగినప్పుడల్లా ఆవిడ సరే నొక్కేది. సరే అంటే ఫోన్లోవి తీసేయమని. ఆ ముక్క ఎవరు చదువుతారు? ఏప్రిల్‌లో ఆవిడ వేరే కాలేజీకి మారింది. మానేసిన వాళ్ల ఖాతాలు తీసేయమని ప్రిన్సిపాల్ గారు జాబితా ఇచ్చారు. నొక్కింది ఈ వేలే తల్లీ. పదకొండు పేర్లు, వరసగా. టీ చల్లారేలోపు అయిపోయింది.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది ఆవిడ, పిల్లాణ్ణి చంకనేసుకుని. మాట్లాడలేక ఖాళీ ఫోన్ నా ముందు పెట్టింది. తీసేసిన ఖాతాను 20 రోజుల్లోపు వెనక్కి తేవచ్చు, ఆ తర్వాత ఆ బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. చూస్తే కరెంటు లేదు. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయమని అటెండరుకు జనవరి నుంచి చెబుతున్నాను. స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపుకు పరిగెత్తాను. పాస్‌వర్డ్ కొట్టాక అది ఫోన్‌కి వచ్చిన కోడ్ అడిగింది. ఫోన్ చూస్తే ఇంట్లో మంచం మీద. అప్పుడు పర్సులో ఎల్‌ఐసీ రసీదు వెనక మడత పెట్టిన కాగితం గుర్తొచ్చింది, ఫోన్ దగ్గర లేనప్పుడు కొట్టే పది బ్యాకప్ కోడ్‌లు రాసుకున్నది. ఒక్కోటి ఎనిమిదంకెలు, ఒకసారి వాడితే చెల్లిపోతుంది. రెండు ఇదివరకే కొట్టేసి ఉన్నాయి. మూడోదాంట్లో చెమటకు చెదిరిన అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. నాలుగోది కొట్టాను, తెరుచుకుంది. ఖాతా వెనక్కి వచ్చింది, మర్నాటికి ఫోటోలూ కనిపించాయి. టేక్‌అవుట్ అని ఒకటుంది, అన్నీ మూటగట్టి దింపుకోవడానికి. మూటలు దిగేసరికి రెండు రోజులు పట్టింది. ఆవిడ సొంత ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ చాల్లేదు, డబ్బు కట్టి పెంచుకుంది. ఆ తర్వాత ఆత్రేయపురం పూతరేకులు పట్టుకొచ్చింది. మీ అమ్మ సగం నీకని దాచింది, చీమలు తిన్నాయి.

జిరాక్స్ షాపులో అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టడం నేను చేసిన వెధవ పని. ఇంటికి రాగానే అన్ని చోట్లా లాగౌట్ చేసి పాస్‌వర్డ్ మార్చాను. నువ్వు అలాంటి పని చేయకు.

అప్పటి నుంచి ఏ మెయిల్ తిరిగొచ్చినా రోజులు లెక్కపెట్టడం అలవాటైపోయింది. నీ అడ్రస్ మళ్లీ చూశాను. అక్షరం తప్పేమీ లేదు. ఖాతాను ఆపి ఉంచితే ఒక రకం జవాబు వస్తుంది, అసలు తీసేస్తే అలాంటి అడ్రస్సే లేదని వస్తుంది. నాకు ఏది వచ్చిందో రాయను. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. మీ ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్‌ది అయితే మామూలుగా 30 రోజుల దాకా వెనక్కి తేవచ్చు, గూగుల్ అయితే నేను చెప్పినన్నే. ఏదైనా సరే, నీవి ఏవైనా అందులో ఉండిపోయి ఉంటే హెచ్‌ఆర్ వాళ్లకు నీ సొంత మెయిల్ నుంచి మర్యాదగా నాలుగు ముక్కలు రాయి. నీవి మాత్రమే. ఆఫీసు ఫైలు ఒక్కటి కూడా వద్దు, నువ్వే రాత్రుళ్లు కూర్చుని చేసిందైనా వద్దు.

ఇంకోటి, ఆఫీసు వాళ్లిచ్చిన సిమ్. ఆధార్‌కీ బ్యాంకుకీ ఆ నంబరు ఇచ్చావేమో చూసుకో. సిమ్ వెనక్కి ఇచ్చేశాక ఓటీపీలు ఎవరికి వెళ్తాయి? పీఎఫ్ ఖాతా నంబరు ఉంటుందే, ఆ యూఏఎన్‌లో నీ సొంత ఫోన్ నంబరు, సొంత మెయిల్ ఉండాలి. పే స్లిప్పులు, ఫారం 16 ఆఫీసు పోర్టల్‌లోనే వదిలేసి ఉంటావు, నాకు తెలుసు. లాగిన్ కోడ్‌లు చూపించే ఆ అథెంటికేటర్ యాప్‌లో ఆఫీసువీ బ్యాంకువీ ఒకే వరసలో ఉంటాయి. ఆఫీసుది తీస్తున్నాను అనుకుంటూ బ్యాంకుది తీసేయకు, పేరు చదివి తియ్యి. పీఎఫ్ డబ్బులు తొందరపడి తీయకు. నెల ఖర్చులు ఒక కాగితం మీద రాసుకో. కాఫీ కోసం మూడు వందలు పెట్టే ఆ చోట్లకు... సరే, లెక్చర్ ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను.

మీ అమ్మ కంటి ఆపరేషన్ నీ ఆఫీసు ఇన్సూరెన్స్ కార్డు మీదే చేయించాలని ఎవరూ రాసిపెట్టలేదు. శుక్లం ఇంకా ముదరలేదన్నారు డాక్టరుగారు. నా దగ్గర ఉన్నాయి. ఆ లెక్క నీ బుర్రలో పెట్టుకోకు.

పాత స్కూటీ బాగు చేయించాను, బ్యాటరీ మార్చాను. మేడ మీద గదికి వెల్ల వేయించాను, చెమ్మ వాసన పోయింది. నెట్ బాగానే వస్తోంది, కిటికీ దగ్గరైతే ఇంకా బాగా వస్తోంది, నేనే ఫోన్ పట్టుకుని గదంతా తిరిగి చూశాను. సుమ పెళ్లికి ఎలాగూ రావాలి, నాలుగు రోజులు ముందే వస్తే మీ అమ్మకు చేతి సాయం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వస్తే ఏ అర్ధరాత్రి దిగినా స్టేషన్లో ఉంటాను. ఆటో ఎక్కకు.

శుభలేఖ నీ సొంత మెయిల్‌కి ఇందాకే పంపాను. అది తిరిగి రాలేదు. అందిందని ఒక్క ముక్క రాయి, బొటనవేలు కాదు.

నాన్న

నువ్వులుండలు ఆవకాయ కింద ఉన్నాయి, పేపర్లో చుట్టి. నీ రూమ్మేటుకూ పెట్టు. అన్నం వండుకుంటున్నావా, బయటి తిండేనా?