నిండని గొయ్యి సంగతి ఎవరైనా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం. ఈమధ్య మీ పేపర్లో భూగర్భ జలాల మీద వచ్చిన వ్యాసంలో ఒక మాట రాశారు, వాన నీరు మట్టిలోంచి మెల్లగా ఇంకి, వడకట్టుకుని, శుభ్రపడి బోరులోకి చేరుతుందని. మా గంట్యాడ వైపు అది చాలావరకు నిజమే. పైన బొర్రా, అనంతగిరి వైపు మాత్రం ఆ మాట నమ్ముకుంటే కొంప మునుగుతుంది. నేను సైంటిస్టుని కాను, ఇరవై ఏళ్లుగా బోరు మోటార్లు దింపడం, తీయడం, రీవైండింగ్ చేయడం నా పని.

మూడేళ్ల కిందట కొండ మీద ఒక రిసార్టులో మోటారు కాలిపోయిందంటే వెళ్లాను. పైపులు లాగి చూస్తే ఇంపెల్లర్ల మీద, అంటే నీటిని పైకి నెట్టే చక్రాల మీద తెల్లటి పెచ్చు, గోరుతో గీకినా రాదు. వంటింట్లో నిమ్మచెక్క అడిగి పిండితే బుసబుసమని చిన్నగా నురగ వచ్చింది. సున్నం. పని అయ్యాక టీ తాగుతుంటే ఓనరు నన్ను వెనక్కి తీసుకెళ్లి, సిమెంటు రింగులు దింపిన మరుగుదొడ్ల గొయ్యి చూపించి, "ఆరేళ్లయింది, ఒక్కసారి కూడా ట్యాంకరు పిలవలేదు, ఎంత పోసినా నిండదు" అన్నాడు గొప్పగా. ఆయనకది అదృష్టం. నాకు మాత్రం ఇంటికొచ్చేదాకా ఒకటే టెన్షన్, నిండటం లేదంటే అదంతా ఎటు పోతున్నట్టు?

బొర్రా చుట్టుపక్కల ఖోండలైటు అనే రాతి కొండల మధ్య అక్కడక్కడా సున్నపురాయి ఉంది, వేడికి, ఒత్తిడికి పాలరాయిలా మారిన రకం. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడు కలుపుకుని పలచటి ఆమ్లం అవుతుంది, అది ఆ రాయిని ఏళ్లూ పూళ్లూ కరిగించి సన్న సందును గొట్టం చేస్తుంది, గొట్టాన్ని గుహ చేస్తుంది. మనం టికెట్ కొని చూసే బొర్రా గుహలు అలా పుట్టినవే. ఇలాంటి నేలకి కార్స్ట్ అని పేరు, స్లొవేనియా, ఇటలీ సరిహద్దులో ఉన్న క్రాస్ అనే పీఠభూమిని బట్టి వచ్చింది. మామూలు నేలలో నీరు ఇసుకలోంచి జారినట్టు పోతే, ఇక్కడ తూములోంచి పారినట్టు పోతుంది. వడకట్టేదేముంది మరి? ఆ వైపు ఒక ఊళ్లో ఊట నీటిని పైపు వేసి కొళాయికి తెచ్చుకున్నారు, పొద్దున గట్టి వాన పడితే మధ్యాహ్నానికి బిందెలో నీళ్లు ఎర్రగా ఉంటాయి. మా ఇంటి బావిలో ఎంత వాన పడినా అలా ఏనాడూ చూడలేదు.

నీరు ఎటు పోతుందో తెలుసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. జర్మనీలో డాన్యూబ్ నది ఇమ్మెండింగెన్ దగ్గర ఎండాకాలం నేలలోకి దిగి మాయమైపోతుంది. అది ఎక్కడ తేలుతోందన్న దాని మీద మిల్లుల వాళ్ల మధ్య తగువు. 1877లో 10 కిలోల యురనిన్ అనే రంగు అక్కడ నీళ్లలో కలిపితే, సుమారు 60 గంటలకి 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊట పచ్చగా మెరుస్తూ బయటపడింది. తమాషా ఏంటంటే ఆ ఊట నీరు రైన్ నదికి పోతుంది, అంటే ఒక నది నీరు కొండ కిందనుంచి ఇంకో నదికి! ఆ రంగంటే భయం అక్కర్లేదు, కంటి డాక్టర్లు కంట్లో వేసి చూసేది దాదాపు ఇదే. ఇప్పుడైతే ఊటల్లో, గెడ్డల్లో బొగ్గు పొట్లాలు కట్టి వదిలేస్తే రంగుని అవే పీల్చి పెట్టుకుంటాయి, వారం తర్వాత తీసి ల్యాబ్‌లో చూస్తారు.

పట్టించుకోకపోతే ఏమవుతుందో కెనడాలో వాకర్టన్ అనే చిన్న ఊళ్లో చూశారు. 2000 మేలో పెద్ద వానకి పశువుల పేడ నీరు ఊరి బోరులోకి దిగింది, కింద పగుళ్ల సున్నపురాయి, పైగా క్లోరిన్ వేసేవాళ్ల అశ్రద్ధ. ఏడుగురు పోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు.

మన గోస్తని ఆ బొర్రా దగ్గర పుట్టి మా తాటిపూడి రిజర్వాయరుకి వస్తుంది. ఆ నీళ్లు విశాఖ నగరం తాగుతోంది. ఆ గొయ్యిలోది గోస్తనిలో కలుస్తోందని నేననటం లేదు, కలవకపోనూవచ్చు, చూడమనే నా గోల. గిరిజన ప్రాంతాల్లో భూములు ప్రైవేటు గనులకి లీజుకివ్వకూడదన్న 1997 సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది కూడా ఆ కొండల్లో కాల్సైటు, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం, తవ్వకాల గొడవ మీదే కదా, రాయి కోసం అంత దూరం వెళ్లినవాళ్లం దాంట్లో పారే నీటి కోసం ఒక్క వానాకాలం కేటాయించలేమా. నీటి పరీక్షలకి సీసా పట్టేవాళ్లు కూడా ఎండాకాలం తేట నీళ్లు పట్టుకుపోతే లాభం లేదు, వాన పడిన మర్నాడు రావాలి. కొత్త రిసార్టుకి అనుమతి ఇచ్చే ముందు దాని గొయ్యిలో రంగు పోసి కింద ఊటలన్నీ చూడాలన్న షరతు ఒక్కటి పెడితే చాలు. ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ వాళ్లు పక్కనే ఉన్నారు, అడిగితే కాదనరు అనుకుంటా.

గెడ్డల్లో దిగి బొగ్గు పొట్లాలు కట్టడానికి మనుషులు కావాలంటే నేనొస్తాను, తాళ్లు కూడా నావే. ఆదివారం అయితే మంచిది, మిగతా రోజులు మోటార్లు ఊరుకోవు.

ఒక మోటారు మెకానిక్,
గంట్యాడ మండలం, విజయనగరం జిల్లా